పద్నాలుగో ఫోటో

వరంగల్ ఎలా ఉందని అడిగినవాళ్లందరికీ ఈ రెండు నెలలూ వేయిస్తంభాల గుడి, కోట, రామప్ప అని చెప్పి తప్పించుకున్నాను. నిజానికి వాటిలో ఒక్కటీ చూడలేదు. నేను వెళ్లింది పాముకాటు తిన్నవాళ్లని కలవడానికి. ఇన్నాళ్లూ దాచింది సిగ్గుతోనే. ఇంక దాచి ప్రయోజనం లేదు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తణుకులో నాకొక ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు సైజులు నాకు తిండి పెడతాయి. పాములు నా పిచ్చి. బొద్దింకని చూస్తే మంచం ఎక్కే మనిషికి పాముల మీద ఈ ప్రేమేమిటని మా ఆవిడ పాతికేళ్లుగా అడుగుతోంది. సమాధానం నా దగ్గరా లేదు. నాలాంటి వాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు, ఫోన్లో అందరం ఒక గ్రూపు. ఇళ్లలో దూరిన పాముల్ని పట్టి అడవిలో వదలడం, వాటి ఫోటోలు పెట్టుకుని మురిసిపోవడం మా పని.

నిరుడు వానాకాలంలో వరంగల్‌లోని ఒక ఆసుపత్రి డాక్టరమ్మ మమ్మల్ని సాయం అడిగారు. ఆవిడ పాముకాటు వైద్యం మీద పరిశోధన చేస్తున్నారు. కాటు పడ్డాక మనిషి ఎంతసేపటికి వచ్చాడు, మందు ఎంత ఎక్కించారు, ఇంటికెళ్లిన మూడు నెలలకి ఎలా ఉన్నాడు, ఇవన్నీ ఆవిడకి కావాలి. ఊళ్లలో అతికించడానికి ఒక పోస్టరు కూడా కావాలి. పోస్టరు నేను చేస్తానన్నాను. తీరా కూర్చుంటే ఆవిడ పంపిన మాటలు ఎక్కువై, నేను తీసిన రక్తపింజర బొమ్మ అగ్గిపెట్టెంత అయిపోయింది. నాకు ప్రాణం ఒప్పలేదు. ఒక వరస తీసేసి బొమ్మ పెంచాను. ఆవిడకి మళ్లీ చూపించకుండానే ప్రింటుకి ఇచ్చేశాను. తీసేసిన వరస ఏమిటో వారం తిరిగేసరికి నాకే గుర్తు లేదు. ఉంచిన వరస మాత్రం బాగా గుర్తుంది, పెద్ద అక్షరాల్లో పెట్టాను కదా: "కుట్టిన పాము ఫోటో తీసుకురండి. పరిశోధనకు సాయపడండి."

ఫోటోలు రావడం మొదలైంది. డాక్టరమ్మ వాటిని గ్రూపులో పెడితే ఏ పామో మేము చెప్పేవాళ్లం. పత్తి ఏరే రోజుల్లో ఏటూరునాగారం వైపు నుంచి ఒకటి వచ్చింది. పత్తిచేలో చుట్ట చుట్టుకున్న రక్తపింజర. ఒంటి మీది గొలుసు మచ్చలు లెక్కపెట్టుకోవచ్చు. కంట్లో వెలుగు కూడా పడింది. ముప్ఫై ఏళ్లుగా కెమెరా పట్టినవాణ్ని, నాకు అసూయ పుట్టింది. "దీని వెనక ఎంత ఓపిక ఉందో చూడండి" అని గ్రూపులో రాశాను. ఆ ఫోటో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, తీసినవాళ్లకి నా చేత్తో ఇవ్వాలని సంచిలో పెట్టుకుని బయల్దేరాను.

హనుమకొండ

స్టేషన్ బయట దానియేలు ఎదురొచ్చాడు. మా గ్రూపులో వరంగల్ మనిషి. ఇళ్లకి కరెంటు వైరింగ్ చేస్తాడు, ఆదివారం చర్చిలో తబలా వాయిస్తాడు, పాము వచ్చిందని ఎవరు ఫోన్ చేసినా సంచీ పట్టుకుని పరిగెడతాడు. నాకంటే రెండేళ్లు చిన్న.

"మా పాస్టర్ గారు ఏమంటడో ఎరికేనా అన్నా?" అన్నాడు చాయ్ ఊదుకుంటూ. "ఏదెను తోటల చేసింది సాలదా, ఇంక దాన్నెందుకు కాపాడుతానవ్ అంటడు. అయ్యగారూ, తప్పు దాంట్ల దూరిన సైతానుది, పాముది గాదు అని చెప్పిన. నవ్విండు."

డాక్టరమ్మ వార్డులోనే దొరికారు. మంచి మనిషి, నిద్ర చాలని మనిషి. బల్ల మీద ఒక గాజు గొట్టం నిలబెట్టి ఉంది, అడుగున కాస్త రక్తం. "ఇది ఇరవై నిమిషాలు కదపకుండా పెడ్తం సార్. గడ్డ కట్టకపోతే రక్తపింజర విషం ఉన్నట్టే, మందు మొదలుపెడ్తం. నాగుపాము, కట్లపాము అయితే మనిషి వాలిన కనురెప్పలే చెప్తయి. అన్నిటికీ ఒకటే మందు. పామును చూడాల్సిన పని మాకు లేదు."

"మరి ఫోటోలు?" అన్నాను. మాటలో కాస్త పౌరుషం వచ్చిందేమో, ఆవిడ నవ్వారు. "అవి రికార్డు కోసం. ఉంటే మంచిదే, లేకపోతే ఫికర్ లేదు." పాములవాడికి పాము అక్కర్లేదంటే చిన్నతనంగా ఉండదూ! నాకు ఉంది.

ఇప్పుడెలా ఉన్నారో రాసుకురమ్మని, నేను, దానియేలు కలవాల్సినవాళ్ల పేర్లు మూడు రాసిచ్చారు. మూడో పేరు దగ్గర ఆవిడ వేలు ఆగింది. సమ్మక్క. నేను ఫ్రేము కట్టించిన ఫోటో వాళ్లదేనట. "చాలా లేటుగా తెచ్చిండ్రు. కిడ్నీలు దెబ్బతిన్నయి. వారం వారం వచ్చి పరీక్ష చేయించుకోవాలె. నెల నుంచి వస్తలేరు, ఫోన్ ఎత్తుతలేరు. ఇంకొన్ని రోజులు ఇట్లనే గడిస్తే నా చేతుల ఏముండదు సార్. ఎట్లనన్న చేసి ఆమెను రప్పించండి."

"తీసుకొచ్చే పూచీ నాదండి" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది. పైగా వార్డు గోడ మీద నా పోస్టరు వంకరగా ఉందని సరిచేసి మరీ బయటికొచ్చాను.

ధర్మసాగర్

మొదటి పేరు కొమురయ్య. చేపలు పట్టేవాడు. రిజర్వాయరు కట్ట మీద వల లాగుతుంటే తాచు కాటేసింది. తాచు అంటే దానియేలు నవ్వాడు, ఇక్కడ దాన్ని నాగుపామనే అంటారు. ఇక్కడ పాము కరవదు కూడా, కుడుతుంది.

కొమురయ్య చెయ్యి మీద మచ్చ తప్ప ఏమీ లేదు. రాయిలా ఉన్నాడు. మాకు చేపల పులుసు పెట్టాడు. మా గోదావరి పులుసంత చిక్కన కాదు గానీ కారం నెత్తికెక్కింది. నేను కాగితాలు నింపుతూ, ఫోటో ఏదని అడిగాను.

"ఫోటోనా? దాని తోక సూసిన, ఉరికిన. బండెక్కి అరగంటల దవాఖానల వడ్డ."

"ఒక్క ఫోటో తీసుంటే ఎంత బాగుండేదండీ! సెల్లు చేతిలోనే ఉందిగా."

కొమురయ్య ముద్ద నోటి దగ్గర ఆపి నన్ను చూశాడు. "పానం ముఖ్యమా, పటం ముఖ్యమా సారూ?"

దానియేలు పొలమారేలా నవ్వాడు. నేను ఫోటో ఉన్నదా అన్న గడిలో "లేదు" అని రాసి, పక్కన "సహకరించలేదు" అని కూడా రాశాను. ఆ మాట ఆ కాగితం మీద ఇప్పటికీ ఉంది.

పాలకుర్తి

రెండో మనిషి సోమయ్య సేటు, కిరాణా కొట్టు. బెల్లం బస్తాల సందులో ఏదో పాము వేలు కుట్టింది. సేటు దగ్గర ఫోటోలు తీసే ఫోన్ లేదు. మరి పోస్టర్‌లో తెమ్మన్నారాయె! కొట్టంతా సర్ది, సామాన్లన్నీ బయటపెట్టి, పామునే పట్టి పచ్చళ్ల డబ్బాలో వేసుకుని దవాఖానకి వెళ్లాడు. అక్కడ చీటీ రాయించుకునే వరసలో మూత ఊడింది.

"ఇగ సూడు సారూ! లైన్ల నిలవడ్డోళ్లందరు బెంచీలెక్కిండ్రు. ఓ ముసలవ్వ నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండ తిట్టింది. నేనే మొదట డాక్టర్ రూముల వడ్డ!" సేటు చెబుతుంటే ఆయన భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆ పాము విషం లేనిది కాబట్టి సరిపోయింది.

"పట్టడానికి ఎంతసేపైంది?" అన్నాడు దానియేలు.

"ఒక పూట."

దానియేలు నవ్వు ఆపి నా వైపు చూశాడు. నాకు అర్థం కాలేదు. నేను నవ్వుతూనే ఉన్నాను. సేటు గారి ఇల్లాలు వేడివేడి సర్వపిండి పెట్టింది. మా వైపు తపేలా చెక్క అంటామే, దానికి అక్కలాంటిది. పల్లీలు, నువ్వులు దండిగా వేస్తారు. మూడు తిన్నాను.

ఏటూరునాగారం

ములుగు దాటాక అడవి దగ్గరకొస్తుంది. దారిలో ముప్ఫై రూపాయలకి మక్క గారెలు, అదే మన మొక్కజొన్న గారెలు, పొట్లం కట్టించుకున్నాం. దానియేలు తన వ్యాను ఆపితే, దిగీదిగగానే ఒక కోతి ఆ పొట్లం లాక్కుపోయింది. ఫ్రేము మాత్రం చంకలోంచి వదల్లేదు నేను. "పటం పైలం అన్నా, పొట్ట పోతే పోయింది" అని దానియేలు ఏడిపించాడు. పైలం అంటే ఇక్కడ జాగ్రత్త.

సమ్మక్క ఇల్లు ఊరి చివర ఉంది. ఈ అడవి వైపు ఇంటికో సమ్మక్క ఉంటుంది కాబట్టి ముగ్గురిళ్లు తిరిగి నాలుగో ఇంటికి చేరాం. నలభై అయిదేళ్లుంటాయేమో. మొహం ఉబ్బి, పాదాలు నీరుపట్టి, అరుగు మీద కూర్చుని ఉంది. భర్త మిర్చి ఏరే పనికి దూరం వెళ్లాడు. ఇంట్లో కూతురు స్రవంతి ఒక్కతే తోడు. ఇంటరు అయిపోయిన పిల్ల. దవాఖాన నుంచి వచ్చామనగానే ఆ పిల్ల చెంబుతో నీళ్లిచ్చి, తలుపు పక్కన నిలబడింది.

"ఈ ఫోటో ఎవరు తీశారమ్మా?" అని నేను తువ్వాలు విప్పి ఫ్రేము ఎత్తి పట్టుకున్నాను. పెళ్లికూతురి ఆల్బం చూపించినట్టు చూపించాను.

స్రవంతి ఒక్క క్షణం చూసి గబగబా ఇంటి వెనక్కి వెళ్లిపోయింది.

"దానికి గా పటం సూపియ్యకు సారూ" అంది సమ్మక్క. "తీసింది అదే. పొద్దుగాల పత్తి ఏరవోయినం. కాలుకు కుట్టింది. నన్ను గట్టు మీద కూసోవెట్టింది. అంగన్‌వాడీ గోడకు ఒక కాయితం ఉన్నది గద, పాము ఫోటో తేవాలెనని. సదువుకున్న పిల్లాయె, అన్ని రూల్ ప్రకారం చేత్తది. కట్టె పట్టుకొని చెట్లల్ల వడ్డది. సారు, నువ్వు తాగు, నీళ్లు తాగు."

నీళ్లు తాగలేదు నేను. స్రవంతి తిరిగొచ్చింది. ఏడ్చిన మొహం. ఫోన్ నా చేతికిచ్చి, "సూడుండ్రి సార్" అంది.

మొదటి ఫోటోలో ఆకులు తప్ప ఏమీ లేవు. కింద టైము ఏడు పది. రెండోదాంట్లో మసగ్గా తోక. మూడు, నాలుగు కదిలిపోయాయి. అయిదోదాంట్లోనే అది రక్తపింజరని నేను గుర్తుపట్టగలను, ఎవరైనా గుర్తుపడతారు. ఇంకా తీస్తూనే పోయింది. నేను వేలితో ఒక్కొక్కటే జరుపుకుంటూ వెళ్లాను. ఫ్రేము కట్టించింది పద్నాలుగోది. టైము ఎనిమిదీ నలభై.

"మీ పోస్టర్ల పాము సాఫ్‌గ ఉన్నది సార్. నాది మసక వచ్చింది. సరిగ కనవడకపోతే ఏ మందు ఇయ్యాల్నో డాక్టర్లకు ఎట్ల తెలుస్తది అనుకున్న. అది పొదలకు పోతాంది, మల్ల బయటికొస్తాంది. అమ్మ నిమ్మలంగనే కూసున్నది, ఏం కాలె, తియ్యి అన్నది. నాకు ఫోటో తీయరాదు సార్. మంచిగ తీయొస్తే మొదటిదానికే లేచి పోతుంటిమి."

గంటన్నర. గ్రూపులో నేను మెచ్చుకున్న ఓపిక గట్టు మీద కూర్చున్న సమ్మక్కది.

అప్పుడు, ఫోన్ చేతిలో ఉండగానే, నేను తీసేసిన వరస అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది. "పాము కోసం వెతకొద్దు. మనిషిని వెంటనే ఆసుపత్రికి తీసుకురండి." అదే. బొమ్మ పెంచడానికి నేను కోసి పారేసింది అదే. చెప్పాల్సింది ఆ నిమిషంలోనే. చెప్పలేదు. "మరి ఆసుపత్రికి ఎందుకు రావడం లేదమ్మా?" అని అడిగాను, ఏమీ ఎరగనట్టు.

స్రవంతి లోపలికి వెళ్లేదాకా ఆగి సమ్మక్క గొంతు తగ్గించింది. "వార్డుల నా మంచం ముంగట గా కాయితమే ఉంటది సారూ. దాన్ని సూసినప్పుడల్లా పోరి ఏడుస్తది. ఇంటికొచ్చి రెండు దినాలు బువ్వ ముట్టది, నా తోనే నీకు గిట్లయింది అమ్మా అంటది. దవాఖానకు తోలుకపోనీకి ఇంక ఎవలున్నరు నాకు? అందుకే నేనే పోనన్న. నా పానం కోసం దాని పానం తియ్యాల్నా?"

అన్నం తినిపోవాల్సిందేనని కూర్చోబెట్టారు. పచ్చిపులుసు, పప్పు. పచ్చిపులుసులో పచ్చి ఉల్లిపాయ, మా ఇంట్లోలా కాల్చిన వంకాయ కాదు. నా ముందు ఉప్పు గిన్నె పెట్టి, సమ్మక్క తను ఉప్పులేని మెతుకులు కలుపుకుంది. ఆ అన్నం తిన్నాను. తిని, చెయ్యి కడుక్కుని, "తప్పకుండా రండమ్మా" అని చెప్పి, ఫ్రేము మళ్లీ తువ్వాల్లో చుట్టుకుని వచ్చేశాను. పిరికితనానికి అంతకంటే పెద్ద రుజువు ఏం కావాలి?

తిరుగుదారి

అడవి సగం దాటాక దానియేలుకి చెప్పాను. వ్యాను పక్కకి తీసి ఆపాడు.

"సేటు ఒక పూట అన్నప్పుడే నాకు గుబులు వుట్టింది అన్నా. గా పోస్టర్లు ఊరూరికి అతికించింది నేనే గద." గేరు మీద చెయ్యి వేశాడు. "ఎనకకు తిప్పాల్నా?"

"డాక్టరమ్మకి చెబుతాను" అన్నాను.

"డాక్టరమ్మకు చెప్తవా?" అన్నాడు. వ్యాను హనుమకొండ వైపే పోనిచ్చాడు.

మర్నాడు పొద్దున్నే వార్డుకి వెళ్లి పోస్టరు గోర్లతో గీకి పీకేశాను. నేను సరిచేసిన మూల అన్నిటికంటే గట్టిగా అతుక్కుని ఉంది. డాక్టరమ్మ విన్నారు. తిడతారనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. "చివరి కాపీ నేను కూడ అడిగి చూడాల్సింది. నా తప్పు కూడ ఉన్నది" అన్నారు. అన్ని ఊళ్లలోనూ పోస్టర్లు ఇవాళే తీయించాలని దానియేలుకి చెప్పి, నా వైపు తిరిగారు. "నాకు చెప్పిండ్రు, సరే. ఆ పిల్లకు చెప్పిండ్రా?"

ఆ రోజు మధ్యాహ్నం నాకు రైలు. టికెట్టు జేబులోనే ఉంది. దానియేలు పోస్టర్లు పీకడానికి వెళ్లాడు. నేను బస్సెక్కాను.

మళ్లీ ఏటూరునాగారం

స్రవంతి వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి, ఏదో మర్చిపోయి వచ్చాననుకుంది. "ఏమన్న ఇడిసిపెట్టి పోయిండ్రా సార్?"

"ఆ పోస్టరు చేసింది నేనమ్మా" అన్నాను. దారంతా ఎన్నో మాటలు కూర్చుకున్నాను, నోట్లోంచి వచ్చింది ఇది. "డాక్టరమ్మ పంపినదాంట్లో ఇంకో వరస ఉంది. నేను తీసేశాను. నేను తీసిన పాము బొమ్మ పెద్దగా కనబడాలని తీసేశాను. నీ ఫోటో బాగా రాకపోవడం వల్ల ఏమీ జరగలేదు. అసలు ఫోటోనే అక్కర్లేదు. మందుకీ దానికీ సంబంధం లేదు. తప్పు నాది."

ఆ పిల్ల చేతిలోని తడిబట్ట తీగ మీద పడేసి నా వైపు తిరిగింది.

"ఏం రాసున్నది దాంట్ల?"

జేబులో కాగితం లేదు. రైలు టికెట్టు తీసి దాని వెనక రాశాను. పాము కోసం వెతకొద్దు. మనిషిని వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. నా చేతిరాత పెద్దదే, అయినా టికెట్టులో సగం కూడా నిండలేదు.

స్రవంతి చదివింది. వెనక్కి తిప్పి చూసింది, ఇంకా ఉందేమోనని. మళ్లీ చదివింది.

"గింతేనా సార్?"

"అంతేనమ్మా" అన్నాను.

"ఎవలే బిడ్డా?" లోపల్నుంచి సమ్మక్క పిలిచింది. "ఎవలొచ్చిండ్రు?"

"నిన్నటి సారే అమ్మా." చేత్తో మొహం తుడుచుకుని, కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. నన్ను కూర్చోమనలేదు, నీళ్లు కూడా ఇవ్వలేదు. గడప దగ్గర ఆగి లోపలికి కేకేసింది.

"నీ దవాఖాన ఫైలు ఏడ వెట్టినవే? రేపు పోదాం."